టమాటా వేళ్ళలోని బుడిపెలు

మదనపల్లె ప్రాంతములోను, అనంతపురము వైపు మెట్టలలోను టమాటానే నమ్ముకొన్న కుటుంబములు అనేకము. వారి తోటలలో ఒక వింత కనబడుచుండును. పొద్దెక్కగానే మొక్క తల వాల్చును, సాయంకాలమునకు తేరుకొనును. క్రమముగా ఆకు పసుపుబారును, కాయ చిన్నదగును. నీరు చాలలేదని రైతు మరియొక తడి పెట్టును. బలము చాలలేదని యూరియా చల్లును. రెండును దండుగయే.

అట్టి మొక్కను పారతో పెల్లగించి, వేళ్ళను నీటిలో జాడించి చూడుడని మేము కోరుచున్నాము. ముడులు ముడులుగా బుడిపెలున్నచో అది నులిపురుగు పని. వేరుసెనగ వేళ్ళ బుడిపెలను చూచినవారు ఇవియు అట్టివే యనుకొందురు. అవి మేలు చేయునవి. గోటితో గీకిన ఊడివచ్చును. ఇవి వేరే ఉబ్బి ఏర్పడినవి, ఊడవు.

పిల్లపురుగు అర మిల్లీమీటరైనను ఉండదు. వేరులో చొరబడి అక్కడనే తిష్ఠవేయును. ఆడపురుగు జిగురుముద్దలో వందలకొలది గ్రుడ్లు పెట్టును. వెచ్చని నేలలో ఇంచుమించు నెలకొక తరము. మన దేశములో దీనిని 1901లోనే బార్బరను శాస్త్రజ్ఞుడు నీలగిరి ప్రాంతపు తేయాకు వేళ్ళపై గుర్తించెను.

దీనికి వేపపిండి మంచి విరుగుడు. మన్నులో క్రుళ్ళునపుడు దానినుండి వెలువడు చేదు పదార్థములు పురుగును అణచును. గ్రుడ్లను తిను బూజులు వృద్ధి పొందును. కానుగపిండి, ఆముదపుపిండి కూడ పనికివచ్చును. ఎకరమునకు 200 కిలోలు, నాటుటకు రెండు మూడు వారములు ముందుగా, పదునున్న దుక్కిలో కలుపవలెను. ఎండునేలపై చల్లిన పిండి చల్లినచోటనే పడియుండును. బుడిపెలు కట్టిన పైరుకు పిండి వేసి అద్భుతమును ఆశింపరాదు. నారుమడిలో మాత్రము లోభింపకుడు; పురుగు పట్టిన నారు ఒక్క మడినుండి పొలమంతటికి తెగులును మోసికొనిపోవును.

బంతి వేళ్ళును ఈ పురుగుకు గిట్టవు. గట్టున నాలుగు మొక్కలు నాటిన చాలదు. టమాటాకు ముందు పొలమంతయు బంతి వేసిననే ఫలము. పండుగనాటి పూలధర గృహిణులకు తెలియనిది కాదు గదా! వంగ, బెండ, దోసలు ఈ పురుగుకు విందువంటివి. టమాటా వెనుక వానిని వేయరాదు. నీటివసతి యున్నచో వరి మేలు.

కోత ముగిసిన పిమ్మట మోళ్ళను దున్ని మన్నులో కలుపక, వేళ్ళతో పెరికి కాల్చవలెను. ఏప్రిలు, మే నెలలలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టవలెను. పెరటిలో నాలుగు మొక్కలు పెంచువారు గుంటకొక గుప్పెడు వేపపిండిని ముందుగానే మన్నులో కలిపి, తడిపి, రెండు వారములైన పిదప నారు నాటుదురు గాక.