అతుకు పడనివ్వని మాత్ర



కొత్త పడుగు పోగును పాత పోగుకు అతకడం మీ ఎమ్మిగనూరు నేత ఇళ్లల్లో రోజూ చూసేదే. వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని, రెండు పోగులూ కలిపి మెలితిప్పుతారు. ఆ వేళ్లను ఎవరైనా గట్టిగా పట్టేసుకుంటే? అతుకు పడదు. హెచ్‌ఐవీకి ఇస్తున్న డోలుటెగ్రావిర్ చేసే పని అదే.

ఈ వైరస్ మన తెల్లరక్తకణంలో దూరి, తన జన్యువును డీఎన్‌ఏగా మార్చుకొని మన డీఎన్‌ఏకు అతికిస్తుంది. అతికించే ఎంజైము ఇంటిగ్రేజ్. దాని వేళ్లు రెండు మెగ్నీషియం అయాన్లు. మందు పోయి ఆ రెండింటినీ పట్టుకుంటుంది. ఇలా ఇంటిగ్రేజ్‌ను అడ్డుకునే మందుల్లో మొదటిది రాల్టెగ్రావిర్, 2007లో వచ్చింది. డోలుటెగ్రావిర్ 2013లో. దీన్ని టెనోఫోవిర్, లామివుడిన్‌లతో కలిపి ఒకే మాత్రగా చేసి, పేద దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇస్తామని 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో హైదరాబాద్ అరబిందో ఒకటి. హెచ్‌ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ కేంద్రాల్లో అది ఉచితం.

ఇక నేను ముఖ్యంగా చెప్పడానికి వచ్చిన మాట. లోహాన్ని పట్టుకునే ఈ గుణం కడుపులోనూ పోదు. గర్భిణికిచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌లోని మెగ్నీషియం, అల్యూమినియం కనబడితే అక్కడే పట్టేసుకుంటుంది. రక్తంలోకి ఎక్కాల్సిన మందు తగ్గిపోతుంది. అందుకని డోలుటెగ్రావిర్ మాత్రను వీటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలైతే అన్నంతో పాటు కలిపి వేసుకున్నా ఫరవాలేదు. పరగడుపున మాత్రం రెండూ కలిపి వద్దమ్మా. సిరప్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు.

టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లలో కాలేయం ఈ మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది. వాళ్లకు 12 గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర కావాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి, దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ముందే పడిన అతుకులను ఈ మందు విప్పలేదు. మాత్ర ఆపితే అక్కడి నుంచే వైరస్ మళ్లీ లేస్తుంది. ఆదోని, కోసిగి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయేవాళ్లను చూస్తే నాకు భయమేసేది ఇందుకే. మూట కట్టే ముందు ఏఆర్‌టీ కేంద్రానికి పోయి, ఎన్నాళ్లు పోతున్నారో చెప్పి, అన్నాళ్లకూ సరిపడా మాత్రలు అడగండి. ఊరు కాని ఊళ్లో అనుమానమొస్తే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. ఆ కాల్‌కు డబ్బు పడదు.