సొంత కిడ్నీకి కొత్త చోటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పని గురించి అందరికీ అర్థమయ్యేలా నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. కిడ్నీ మార్పిడి అనగానే ఒకరు ఇవ్వడం, ఇంకొకరు పుచ్చుకోవడం గుర్తొస్తుంది. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్కరే అయిన ఆపరేషన్ కూడా ఒకటుంది. దాన్ని ఆటో ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. ఇక్కడ ఆటో అంటే మనం స్టేషన్ దగ్గర బేరమాడే ఆటో కాదు, సొంతం అని అర్థం.

జీవశాస్త్రం క్లాసులో రంగు సుద్దలతో వేసిన బొమ్మను గుర్తు తెచ్చుకోండి. వెన్నెముకకు అటూ ఇటూ రెండు చిక్కుడు గింజలు. ఒక్కొక్కటి పిడికిలంత, బరువు సుమారు 150 గ్రాములు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఈ రెండింటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా 25 నుంచి 30 సెంటీమీటర్ల సన్నని గొట్టం ఉంటుంది. అదే మూత్రనాళం.

చిక్కు తరచూ ఈ గొట్టంలోనే వస్తుంది. క్షయ వల్ల మూసుకుపోవచ్చు. రాళ్లు తీసేటప్పుడు తెగిపోవచ్చు. కింది భాగం పాడైతే మూత్రాశయాన్నే పైకి లాగి కలుపుతాం. చాలకపోతే దాని గోడ నుంచి ఒక పట్టీ తీసి గొట్టంలా చుట్టి అందిస్తాం. పొడవునా పాడైతే చిన్నపేగు ముక్కను వాడవచ్చు. కానీ పేగు జిగురు స్రవిస్తుంది, మూత్రంలోని లవణాలను తిరిగి ఒంట్లోకి పీల్చుకుంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి అది భారమే. అప్పుడు మిగిలే దారి, కిడ్నీనే మూత్రాశయం దగ్గరికి దించడం.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల మధ్య కిడ్నీ మార్పిడి విజయవంతంగా చేసింది. మనిషి సొంత కిడ్నీని ఇలా చోటు మార్చిన సంగతిని 1963లో అమెరికాలోని మిసిసిపీకి చెందిన జేమ్స్ హార్డీ ప్రకటించారు. అక్కడా కారణం మూత్రనాళానికి తగిలిన దెబ్బే.

పని ఇలా సాగుతుంది. కిడ్నీని బయటికి తీయగానే చల్లని ద్రవం పంపి లోపలి రక్తాన్ని కడిగేసి, మంచులో ఉంచుతాం. ఒంటి వేడిలో రక్తం అందకపోతే కిడ్నీ కొద్దిసేపట్లోనే దెబ్బతింటుంది. చలిలో అయితే గంటల తరబడి తట్టుకుంటుంది. ధమనిలో ఉబ్బు ఉన్నా, కణితి ఉన్నా పక్క బల్ల మీదే నిదానంగా సరిచేయవచ్చు. తర్వాత పొత్తికడుపు పక్కన తుంటి ఎముక గుంటలో అమర్చి, కాలి వైపు వెళ్లే పెద్ద రక్తనాళాలకు కలుపుతాం. మిగిలిన మంచి మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతాం. క్లాంపులు వదలగానే పాలిపోయిన కిడ్నీ గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు.

కొన్నేళ్ల క్రితం ఒక తాపీ మేస్త్రి వచ్చాడు. రాయి తీసేటప్పుడు ఎడమ మూత్రనాళం తెగింది. నెలల తరబడి వీపు నుంచి ట్యూబు, నడుముకు సంచి. కుడి కిడ్నీ చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం. ఎడమది తీసేయడం తేలికే, కానీ ఆ తర్వాత డయాలసిస్ తప్పదు. “నాది తీసుకోండి డాక్టరుగారూ” అంది భార్య. “నీది అక్కర్లేదమ్మా, ఆయనదే ఆయనకు పెడదాం” అన్నాను. సొంత అవయవం కాబట్టి శరీరం తిప్పికొట్టదు, జీవితాంతం ఖరీదైన మందులు మింగనక్కర్లేదు. రెండో సంగతీ దాచలేదు. కుట్టిన చోట రక్తం గడ్డకడితే ఆ కిడ్నీ కూడా పోతుంది. వాళ్లు రెండు రోజులు ఆలోచించుకుని వచ్చి సంతకం పెట్టారు. ఆపరేషన్ నిలబడింది. సంచి పోయింది. కిడ్నీ ఇప్పుడు ముందువైపు ఉంది కనుక పొత్తికడుపుకు దెబ్బ తగలకుండా చూసుకోమన్నాను. ఏటా క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని వస్తున్నాడు.

ఇది అందరికీ పనికొచ్చే వైద్యం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న జబ్బులో రెండు కిడ్నీలూ లోపలి నుంచే పాడవుతాయి. చోటు మార్చినా అవి బాగుపడవు. షుగరు, బీపీ వల్ల చెడిన కిడ్నీలకూ అంతే.

మిత్రులకు రెండు మాటలు చెబుతాను. రాళ్ల ఆపరేషన్ అయ్యాక లోపల స్టెంట్ పెట్టారా, ఎప్పుడు తీయాలి అని అడిగి, ఆ తేదీని క్యాలెండరు మీద రాసుకోండి. నొప్పి లేదని మరిచిపోతే దాని చుట్టూ మళ్లీ రాళ్లు కడతాయి. ఎవరైనా కిడ్నీ తీసేయాలంటే, అది ఎంత పనిచేస్తోంది, రెండోది ఎలా ఉంది, బాగుచేసే దారి ఉందా అని అడగండి. అవసరమైతే ఇంకో డాక్టరుకు చూపించండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ చిక్కుడు గింజల బొమ్మను పిల్లల చేత వేయించండి, పేర్లు తెలుగులోనే రాయించండి. రేపు వాళ్లలో ఎవరో ఆసుపత్రిలో అమ్మానాన్నల పక్కన నిలబడి డాక్టరును ఈ ప్రశ్నలు అడగాల్సి రావచ్చు. సెలవు.