తుదినాళ్ల సేవ: దాని మంచిచెడ్డల నెంచు విధము

నల్లమాడ మొదలుకొని కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల వరకు గల మన పల్లెలయందలి పెద్దల నుద్దేశించి నేడు నాలుగు మాటలు చెప్పబూనితిని. విషయము శుభవేళల ముచ్చటించుకొనునది కాదు. అయినను ఏ యింటివారికిని తప్పించుకొన వీలులేనిది. వ్యాధి ముదిరి, వైద్యులు "ఇంక మా చేతిలో లేదు, ఇంటికి గొనిపొండు" అని చెప్పిన పిమ్మట రోగికి కొన్ని దినములో, వారములో, నెలలో మిగిలియుండును. ఆ కాలమున వానికి సేవచేయుటకై కొన్ని సంస్థ లేర్పడియున్నవి. వానిని ఆంగ్లమున హాస్పిసు లందురు; ఆ వైద్యమును పాలియేటివ్ కేర్ అందురు. మనము ఉపశమన చికిత్స యందము. అట్టి సంస్థ మంచిదో కాదో ఎట్లు తెలిసికొనవలెను? ఇదియే నేటి ప్రసంగవిషయము.

దీనిని పెద్దలకే యేల చెప్పవలెనన, ఇట్టి వేళ ఇంటివారు మీ మాటకొఱకే ఎదురుచూతురు. వైద్యులు చేయి విడిచినంతనే మనవారు సాధారణముగ రెండు మార్గములలో నొకదానిని త్రొక్కుదురు. కొందరు ఆశ చావక, ఉన్న రెండెకరము లమ్మి, రాబోవు వేరుశనగ పంటను జూపి అప్పుదెచ్చి, ఒక పట్టణమునుండి మఱియొక పట్టణమునకు రోగిని త్రిప్పుదురు. మఱికొందరు వసారాలో మంచము వైచి, రేయింబవళ్లు మూలుగు వినుచు, "వాని కర్మ" యని యూరకుందురు. మొదటి మార్గమున రోగి పోవును, భూమియు పోవును. రెండవ మార్గమున రోగి నొప్పితో పోవును. ఈ రెంటి నడుమ మూడవ మార్గ మొకటి గలదని తెలియక పోవుటయే మన కష్టము.

ఈ మూడవ మార్గము మనకు క్రొత్తది కాదు. భారతకథ మీ యందరికిని కరతలామలకము. భీష్ముడు అంపశయ్యపై నుండి, తల వ్రేలాడుచుండ, తలగడ నడిగెను. రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. వానిని వలదని ఆయన అర్జునుని వంక జూడగా, అర్జునుడు మూడు బాణములు నాటి తల నిలిపెను. అంతట దుర్యోధనుడు శల్యములను పెరుకుటలో నేర్పరులైన వైద్యులను రావించెను. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయుమనెను. దాహమైనప్పుడు మాత్రము నీరడిగెను. అర్జునుడు భూమిని భేదించి జల మొసగెను. చికిత్సను వలదన్న మహానుభావుడు తలగడను వలదనలేదు, నీటిని వలదనలేదు. తక్కిన రాజులు తమ కడ నున్నది తెచ్చిరి. అర్జునుడు ఆయనకు వలసినది తెచ్చెను. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో తుదినాళ్ల సేవను తూచుటకు త్రాసు దొరకినట్లే.

ఆ త్రాసునకు తూనికరాళ్లు చరకసంహితయందు గలవు. సూత్రస్థానమున వైద్యమునకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకున కుండవలసిన గుణములు నాలుగు: ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము. అనగా సేవచేయు విధము తెలియుట, చురుకుదనము, రోగియందు ప్రేమ, శుచిత్వము. వేల యేండ్లు గడచినను నేటి సంస్థను పరీక్షించుటకు ఈ నాలుగును చాలును. ఒక్కొక్కదానినే విచారింతము.

మొదటిది ఉపచారజ్ఞత. ఇచట దీనికి తొలి గుర్తు నొప్పిని గూర్చిన జ్ఞానము. మంచి సంస్థయందు నర్సు వచ్చినప్పుడెల్ల నొప్పి యెంతయున్నదని రోగినే యడుగును. సున్న మొదలు పది వరకు నొక యంకెగా దానిని వ్రాసికొనును. మన ముసలివారికి అంకె తోచనిచో "రూపాయికి ఎన్నియణాల నొప్పి?" అని యడిగిన వెంటనే చెప్పుదురు. అణాలు పోయి దశాబ్దములైనను ఆ లెక్క మన నాలుకపై నింకను నిలిచియున్నది. నిన్న పదునాలుగణాలు, నేడు ఆరణాలు అని చీటీలో కనబడినచో ఆ సంస్థ పనిచేయుచున్నదని యెరుగుడు. చీటీయే లేనిచో సందేహింపుడు.

నొప్పికి మందు లేదనుట సరికాదు. 1986 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మెట్లుమెట్లుగా మందు లిచ్చు పద్ధతిని ప్రకటించెను: వీలైనంతవరకు నోటిద్వారా ఇయ్యవలెను, నొప్పి వచ్చినపిమ్మట గాక వేళ తప్పక గడియారమును బట్టి యియ్యవలెను, చిన్న మందు చాలనిచో పై మెట్టునకు పోవలెను. పై మెట్టున నున్నది మార్ఫిను. ఇది నల్లమందునుండి తీసినది. నల్లమందు పేరు వినగానే మన పెద్దలు బెదరుదురు. వైద్యుడు నొప్పిని జూచి, కొలతతో ఇచ్చినప్పుడు రోగి దానికి బానిస యగుట అరుదు. సరియైన మోతాదు చావును త్వరపరచునదియు గాదు. అది మలబద్ధము కలిగించును గనుక విరేచనపు మందును తోడుగా నియ్యవలెను. మార్ఫిను వ్రాసి విరేచనపు మందు వ్రాయని వైద్యునికి ఈ విద్య పూర్తిగా తెలియదని మీరు గ్రహింపవచ్చును.

ఔషధపాదమున నొక చిక్కు గలదు. మత్తుమందుల దుర్వినియోగమును అరికట్టుటకై 1985 లో చేసిన చట్టము మిక్కిలి కఠినమై, ఆసుపత్రులు మార్ఫినును నిలువచేయుటకే జంకినవి. మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పైరు వేసి నల్లమందు తీయుచుండగా, ఈ దేశపు రోగులే మందు లేక విలపించిరి. 2014 లో ఆ చట్టమును సవరించిరి. గుర్తింపు పొందిన వైద్యసంస్థలు మార్ఫిను నుంచుకొనుట అప్పటినుండి సులభమైనది. కావున మీరు మొదట నడుగవలసిన ప్రశ్న యిది: "మీయొద్ద మార్ఫిను ఉన్నదా? దానికి గుర్తింపు పొందితిరా?" లేదన్నచో, మేడ యెంత యెత్తైనను అది తుదినాళ్ల సేవకు తగిన చోటు కాదు.

రెండవది దాక్ష్యము. నొప్పి పగటివేళ చూచి రాదు. అర్ధరాత్రమున రోగికి ఊపిరి యాడనిచో పలుకువా రెవరు? ఫోను చేసినచో ఎత్తుదురా, తెల్లవారి రమ్మందురా? చేరుటకు ముందే ఒకనాటి రాత్రి ఆ సంఖ్యకు ఫోను చేసి చూచుట మర్యాదకు లోపము కాదు. కదలలేని రోగిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుదురా? త్రిప్పనిచో వీపున పుండ్లు పడును. నోరు ఎండినప్పుడు తడి గుడ్డతో తుడుతురా? మ్రింగలేనివానికి బలవంతముగ అన్నము పెట్టక, గొట్టములు దూర్పక, చెమ్చాతో గ్రుక్కెడు గంజి పోయు నోర్పు గలదా? ఇవన్నియు చిన్న పనులు. తుదినాళ్లలో చిన్న పనులే పెద్ద వైద్యము.

మూడవది అనురాగము. తీయగా మాటలాడుట మాత్రమే అనురాగము కాదు. సత్యము చెప్పుటయు అనురాగమే. రోగికి తెలిసికొనవలెనని యున్నచో మెల్లగా, అతడు అడిగినంత మేరకు చెప్పుదురా? లేక ఇంటివారి చెవిలో నొకటి, రోగితో నొకటి చెప్పుదురా? రోగి కోరిక నడుగుదురా? అతని దైవము, ఆచారము, ఆహారము వారికి గౌరవ్యములా? నమాజు చేయువానికి, ప్రార్థన చేయువానికి, విభూతి పెట్టువానికి ఒకే యాదరము దొరకునా? కులము నడిగి పాత్ర వేరుచేయు చోటు సేవాగృహము కానేరదు. భార్యను, బిడ్డలను మంచముకడ నుండనిత్తురా? ఇంటివారికి పుండు కడుగుట, మందు కొలుచుట నేర్పుదురా? రోగి గతించిన పిమ్మట ఒకసారియైన వచ్చి ఆ యింటివారిని పలుకరింతురా? ఈ కడపటి ప్రశ్నకు ఔనని చెప్పగల సంస్థ ఉత్తమమైనదని నా నమ్మకము; ఏలన ఆ రాకవలన వారికి వచ్చు లాభమేమియు లేదు.

నాలుగవది శౌచము. ఇది రెండు విధములు: దేహశౌచము, ధనశౌచము. మొదటిది ముక్కునకే తెలియును. పుండ్లు గల రోగు లున్నచోట కొంత వాసన సహజము. అయినను పుండుపై చల్లు మందులతో దానిని చాలవరకు తగ్గింపవచ్చును. అగరువత్తులతో వాసనను కప్పిపుచ్చుట వేరు, పుండును కడిగి వాసనను పోగొట్టుట వేరు. ఇక ధనశౌచము. రుసుము తీసికొనుట దోషము కాదు. దానిని దాచుట దోషము. ఏది ఉచితము, దేనికి ఎంత యని మొదటనే కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుడు. నయము చేసెదమని మాట యిచ్చుచు ముందుగా పెద్ద మొత్త మడుగువారినుండి తొలగిపొండు. నయముకాని వ్యాధికి నయమును అమ్మువాడు మీ పొలమును కొనుచున్నాడని తెలియుడు.

ఇక నాలుగవ పాదమైన రోగి. తన బాధను తెలియజెప్పగలుగుటయు రోగిగుణములలో నొకటి యని చరకుడు లెక్కించెను. మన రైతులు ఓర్పును ఘనతగా నెంతురు. "బాగున్నాను" అని పండ్లు బిగింతురు. అడుగువాడు సరిగా నడిగిననే వారు చెప్పుదురు. కనుక పెద్దలు రోగితో "నొప్పి చెప్పుట పిరికితనము కాదు" అని ముందే చెప్పియుంచవలెను.

ఒక న్యాయమును గూడ మరువరాదు. ఆసుపత్రిని ఎందరు లేచి యింటికి నడచిరని కొలుతుము. ఇచ్చటికి వచ్చినవారు చాలవరకు మరణింతురు. ఆ మరణము సంస్థకు కళంకము కాదు. కడపటి రెండుదినములకు రోగిని దింపి "ఏమియు చేయలేకపోయిరి" అని నిందించుటయు న్యాయము కాదు. నెలల ముందే చేర్చినప్పుడు వారి పని తెలియును. ఒక ఫిర్యాదు విని తీర్పు చెప్పక, ఆ ఫిర్యాదునకు వారేమి బదులిచ్చిరో విచారింపుడు. అన్నిటికంటె మేలైన సాక్ష్యము అచ్చట తమవారిని పోగొట్టుకొన్న కుటుంబమువారిది. పెద్దకర్మ ముగిసి మనసు కుదుటపడిన పిమ్మట "తుదివారము ఎట్లు గడచినది?" అని వారి నడుగుడు. ఇతరులు వ్రాసిన పొగడ్తలన్నియు ఆ యొక్క మాటకు సాటిరావు.

ఈ విద్య యెట్లు వ్యాపించినదో క్లుప్తముగ చెప్పెదను. 1967 లో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును స్థాపించెను. మన దేశమున 1986 లో బొంబాయియందు శాంతి అవేదన ఆశ్రమము వెలసెను. 1993 లో కోళికోడునందు ఆరంభమైన సంఘము, ఇరుగుపొరుగువారే కూడి రోగులను ఇండ్లలో చూచుకొను పద్ధతిని కేరళమంతట వ్యాపింపజేసెను. బెంగుళూరున కరుణాశ్రయ 1999 నుండియు, హైదరాబాదున స్పర్శ్ హాస్పిసు 2011 నుండియు రోగులకు ఉచితముగ సేవచేయుచున్నవి. క్యాన్సరు చికిత్సకు మనవారు బెంగుళూరునందలి కిద్వాయి ఆసుపత్రికి పోవుట వాడుకయే గనుక, చేయి విడిచినప్పుడు కరుణాశ్రయ పేరు తెలిసియుండుట మేలు.

అయితే అందరును పట్టణమునకు పోనక్కరలేదు. మనవారిలో పెక్కురు తమ యింట, తమ వేపచెట్టు గాలి తగులుచుండగా కన్నుమూయ గోరుదురు. 2018 నుండి ఏర్పడిన ఆయుష్మాన్ ఆరోగ్యకేంద్రముల సేవలలో ఉపశమన చికిత్సయు చేర్చబడినది. మీ యూరి ఆశా కార్యకర్తను, నర్సును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని అడుగుడు. లేదన్నచో ఏల లేదని వ్రాతమూలకముగ నడుగుడు. పదిమంది పెద్దలు చేవ్రాళ్లు చేసిన యర్జీని ఎవరును తేలికగా త్రోసివేయలేరు. చేవ్రాలు చేయ శక్తిగల పెద్దలు తమ కొఱకును ఒక పని చేసికొనవచ్చును. తుదివేళ తమకు ఏ చికిత్స వలయునో ఏది వలదో ముందే వ్రాసియుంచుటకు సుప్రీముకోర్టు 2018 లో అంగీకరించెను. 2023 లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీచే గాని గెజిటెడు అధికారిచే గాని ధ్రువపరపించిన చాలును. అట్టి పత్రమున్నచో బిడ్డలు ఆసుపత్రి వాకిట కలహింపవలసిన పని యుండదు.

పెద్దలారా, పెండ్లిసంబంధము కుదుర్చునప్పుడు మనము ఏడు ఊళ్లు విచారింతుము. ఎద్దును కొనునప్పుడు పండ్లు పట్టి చూతుము. తండ్రినో తల్లినో కడపటిసారి యొకరి చేతిలో పెట్టునప్పుడు మాత్రము, గాభరాలో, దారిలో మొదట కనబడిన తలుపు తట్టుదుము. నిబ్బరముగ నున్నప్పుడే ఇరువురు మనుష్యులు పోయి ఆ చోటును చూచి రావలెను. మందు ఉన్నదా, రాత్రి పలుకుదురా, సత్యము చెప్పుదురా, లెక్క చూపుదురా యని అడిగి రావలెను. ఈ నాలుగు ప్రశ్నలను మీ పంచాంగపు అట్టలోపల వ్రాసి యుంచుకొనుడు. వాని యవసరము మీకు చాలకాలము కలుగకుండుగాక.