ఈకతో కట్టే చేపపిల్ల

(మన సంఘం వార్షిక సమావేశంలో “విశ్రాంత జీవితం – వ్యాపకాలు” గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపకాలంటే తోటపని, యోగా, భజన గురించి చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను చేపల గాలానికి ఈకలు కట్టడం గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి “కానివ్వండి” అన్నారు. సభలో శాకాహారులు చాలామంది ఉన్నారని తెలుసు. నేను చెప్పే వ్యవహారంలో చేప చివర్న వస్తుంది. మా పక్కింటాయన లాంటివారు దాన్ని పట్టి మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు. మనకు కావలసింది అంతకు ముందు బల్ల దగ్గర జరిగే పని.

2022లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ పక్కన. అక్కడి సస్క్వెహానా నది వేసవిలో మన గోదావరిలాగే వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. నేను వెళ్లడానికి ఏడాది ముందు స్వల్పంగా పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్లలో పట్టు తగ్గింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. రబ్బరు బంతి నొక్కమన్నారు. నొక్కాను. కానీ బంతి నొక్కితే బంతి నొక్కినట్టే ఉంటుంది, చేతిలో ఏదీ తయారు కాదు. పక్కింట్లో తపాలాశాఖలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు సాయంత్రాలు గ్యారేజీలో కూర్చుని ఈ ఈకల పని చేసుకునేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ముందు సంగతి ఏమిటో చెబుతాను. మామూలు గాలానికి ఎర గుచ్చి సీసపు గుండు కడతాం. ఆ బరువే దారాన్ని దూరానికి లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతిలో గాలం చివర ఉండేది ఈకల ముక్క, దానికి బరువే లేదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేసి కొరడా ఝళిపించినట్టు విసురుతారు. ఈకలతో ఎక్కువగా పురుగుల రూపం కడతారు కాబట్టి ఫ్లై, అంటే ఈగ, అని పేరొచ్చింది. స్ట్రీమర్ మాత్రం పురుగు కాదు, చిన్నచేప. మన చెరువుల్లో పరిగెలు ఉంటాయే, అలాంటిది. పెద్దచేప చిన్నచేపను తింటుంది కనుక దానికి చిన్నచేపలాంటిది చూపించాలి. పొడుగు కాడ ఉన్న గాలం మీద ఈకల్ని వెనక్కి వాలేటట్టు కడితే నీటి ఒరవడిలో అవి చేప ఒళ్లులా అల్లాడతాయి.

ఈ విద్యకు పెద్దపేరు తెచ్చినవారు ఒక గృహిణి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో అప్పర్ డ్యామ్ అనేచోట క్యారీ స్టీవెన్స్ గారు ఉండేవారు. ఆడవాళ్ల టోపీలు అలంకరించే పని తెలిసినవారు, కనుక ఈకలు ఆమెకు కొత్తకాదు. భర్త చేపలవేటకు వచ్చేవారికి గైడు. 1924 జూలై 1న ఆమె ఇంటిపని మధ్యలో ఆపేసి, ఆ సరస్సుల్లో పెద్దచేపలు తినే స్మెల్ట్ అనే చిన్నచేపను మనసులో పెట్టుకుని ఒక ఫ్లై కట్టారు. దాంతోనే ఆనకట్ట కింద మడుగులో 6 పౌండ్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్ చేపను, అంటే సుమారు మూడు కిలోలు, పట్టారు. ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ పత్రిక పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఇక చూడండి, ఆర్డర్లు! 1953 దాకా కడుతూనే ఉన్నారు. ఆమె కట్టిన వాటిలో గ్రే ఘోస్ట్ అనేది ఇప్పటికీ ప్రసిద్ధం. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే ఉంది. గాలాన్ని బిగించి పట్టుకునే వైస్ కూడా ఆమె వాడలేదు. అంతా వేళ్ల మధ్యే. నల్లదారంతో చుట్టిన తల మీద సన్నటి ఎర్రపట్టీ ఒకటి వేసేవారు, అదే ఆమె సంతకం.

ఇప్పుడు పని. మనవాళ్లకు ఇది చెప్పడం సులువు. పాత స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీల్లో కేబుల్ ఫారాలు మైనపు దారంతో కట్టినవాళ్లం కదా! వదులైతే ఫారం జారుతుంది, మరీ బిగిస్తే వైరు మీద తొడుగు తెగుతుంది. ఆ మధ్య బిగువు ఎంతో వేళ్లకే తెలుసు. నిద్రలో లేపినా నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద అని జతలు విడదీసిన చేతులివి. ఇక్కడా అదే బిగువు కావాలి, దారం మాత్రం ఇంకా సన్నం.

వెంట్రుకల కుచ్చు కట్టడమే అసలు కిటుకు. కుచ్చును గాలం కాడ మీద ఆనించి, పైన దారం చుట్టి లాగితే అది కాడ చుట్టూ తిరిగిపోయి అవతలి పక్కకు జారుతుంది. అలా కాకుండా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య కుచ్చును, కాడను కలిపి నొక్కిపట్టాలి. దారాన్ని ఆ రెండు వేళ్ల సందులోంచి పైకి తెచ్చి, వదులుగా మడతపెట్టి, అవతలివైపు కిందికి దించాలి. అప్పుడు నిదానంగా లాగాలి. వేళ్లు వదలకూడదు. ఇలా రెండు మూడు చుట్లు పడ్డాక ఇక కదలదు. నా కుడిచేతికి మొదటి వారం ఈ ఒక్క మడత రాలేదు. పక్కింటాయన ఏమీ అనకుండా బ్లేడుతో దారం కోసేసి మళ్లీ నా ముందు పెట్టేవారు. నెలరోజులు గడిచాక వచ్చింది.

ఇంకోటి. కొత్తవాళ్లు బోలెడు వెంట్రుకలు, బోలెడు ఈకలు పెడతారు. బల్ల మీద చూడ్డానికి బొద్దుగా బాగుంటుంది. నీళ్లలో అది చీపురుకట్ట. కుచ్చు అగ్గిపుల్ల లావు మించకూడదని నా అభిప్రాయం. కట్టిన ప్రతిదాన్నీ గ్లాసుడు నీళ్లలో ముంచి చూడాలి, తడిసినప్పటి రూపమే దాని రూపం. చేప పొలుసులు లెక్కపెట్టదు. కదలిక చూస్తుంది.

ఈ మాటకు రుజువు ఆ నది ఒడ్డునే ఉంది. మిడిల్‌టౌన్‌లో దుకాణం నడిపిన బాబ్ క్లౌజర్ గారు 1980ల చివర్లో ఒక స్ట్రీమర్ తయారుచేశారు. కాస్త వెంట్రుక, రెండు మెరుపు పోగులు, డంబెల్ ఆకారంలో రెండు సీసపు కళ్లు, అంతే. కళ్ల బరువుకి గాలం తిరగబడి ముల్లు పైకి ఉంటుంది, అడుగు రాళ్లకు తగులుకోదు. దారం లాగడం ఆపగానే తలకిందులుగా దిగుతుంది, చావబోయే చేపపిల్ల లాగా. దాన్ని ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

సామాను మన ఊళ్లోనే దొరుకుతుంది. కోళ్ల దుకాణంలో డేగ, కాకి, సేతువ పుంజుల మెడ ఈకలు అడిగితే ఊరికే ఇస్తారు. షాంపూతో కడిగి ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి కొన్నాళ్లు ఫ్రీజర్‌లో పెట్టండి, పేలు చస్తాయి. (ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి!) వెండి తళుకుకు చీర అంచులోంచి ఊడిన జరీ పోగు చాలు. తల మీద పూతకు గోళ్లరంగు. అమెరికావాళ్లు జింకతోక వెంట్రుకలు వాడతారు. మన దేశంలో జింక తాలూకు వస్తువు ఇంట్లో పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు, కనుక మేకతోకతో సరిపెట్టుకుందాం.

గ్రే ఘోస్ట్ బుగ్గ మీద ఉండే ఈక మాత్రం మన దక్షిణ భారతపు అడవికోడిది. పుంజు మెడ ఈకల చివర మైనం బొట్టుపెట్టినట్టు పసుపు, తెలుపు చుక్కలుంటాయి, చేపకన్నులా మెరుస్తాయి. ఆ అందమే దాని ప్రాణం మీదికి వచ్చింది. 19వ శతాబ్దం నుంచి బ్రిటిషువారి సాల్మన్ గాలాలకు మన అడవుల నుంచి ఆ మెడలు వెళ్లాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఇప్పుడు ఆ వేట, ఆ ఎగుమతి కుదరవు. విదేశాల్లో పెంచిన పక్షుల ఈకలు అమ్ముతారు, ఖరీదు ఎక్కువ. పక్కింటాయన డబ్బాలో పాత మెడ ఒకటి నాకు చూపించి, కట్టమని ఇచ్చారు. నేను తెల్లకోడి ఈక కొసకు గోళ్లరంగు చుక్క పెట్టుకున్నాను. చేపకేమీ తేడా తెలియలేదు.

వేళ్ల మాట. 2005లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో ఎడ్ నికల్సన్ అనే విశ్రాంత నౌకాదళ అధికారి గాయపడ్డ సైనికులకు ఫ్లైలు కట్టడం, విసరడం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. అది తర్వాత అమెరికా అంతటా విస్తరించింది. నాకు దీనివల్లే నయమైందని అనను, మందులూ వ్యాయామమూ మానలేదు. బంతి నొక్కడం రోజుకు పది నిమిషాలు దాటని నేను ఈ బల్ల దగ్గర రెండు గంటలు కూర్చునేవాణ్ణి, అంతవరకు నిజం. ఇప్పుడు గుండీలు రెండు నిమిషాల్లో పడుతున్నాయి. పై గుండీ ఇంకా మొరాయిస్తుంది.

పిల్లల దగ్గరికి వెళ్లేవారికి రెండు మాటలు. పెన్సిల్వేనియాలో 16 ఏళ్లు నిండినవారు గాలం వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి, చూడటానికి వెళ్లిన మనమైనా సరే. కట్టినవి ఎవరికైనా ఊరికే ఇవ్వండి, విజిటర్ వీసా మీద ఉండి అమ్మకానికి పెట్టకండి. గాలం ముల్లుకుండే కొక్కిని పట్టకారుతో నొక్కేయండి, చేప నోటికీ మన వేలికీ కూడా మంచిది.

వెనక బల్ల మీద వైస్ ఒకటి, గాలాలు పన్నెండు, డేగ ఈకలు, జరీ పెట్టాను. టీ తాగాక వచ్చేవారు కళ్లద్దాలు తెచ్చుకోండి. సెలవు.