ఆసుపత్రి పరిచర్యలో ప్రమాణ విచారము



నేను నివసించు చంపాపేట కనతిదూరముననే హైదరాబాదు పాతనగరము కలదు. 1889వ సంవత్సరమున నా నగరమున నొక గొప్ప వైద్యపరీక్ష జరిగెను. శస్త్రచికిత్సలో మత్తునకై వాడు క్లోరోఫారము ముందుగా గుండెను నిలుపునా, ఊపిరిని నిలుపునా యని వైద్యులకు సంశయము. డాక్టరు ఎడ్వర్డు లారీ పూనుకొనెను. నిజాము మహబూబ్ అలీఖాన్ ధనమొసగెను. లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. వందలకొలది జంతువులను పరీక్షించి, ఊపిరియే ముందు నిలుచును గనుక దానిని కనిపెట్టియున్న చాలునని తేల్చిరి. కాని 1911లో లెవీ యను వైద్యుడు, మత్తు తేలికగా నున్నప్పుడే గుండె హఠాత్తుగా నాగవచ్చునని పిల్లులపై నిరూపించెను. మనవారు బొంకలేదు, కన్నదానికి మించి తీర్మానించిరి.

ఆసుపత్రులలో నర్సులకు పెద్దలైన యధికారులకు నేడును ఇట్టి చిక్కే కలదు. సెలైను ఎక్కించుటకై రోగి చేతికి సన్నని గొట్టము గుచ్చుదురు గదా! మూడు నాలుగు దినముల కొకసారి దానిని మార్చుట పూర్వాచారము. 2012లో ఆస్ట్రేలియావారు 3,283 మంది రోగులను పరిశీలించి, అవసరము తోచినప్పుడే మార్చినను కీడు హెచ్చదని ప్రకటించిరి. రోగికి పోటు తప్పును; వ్యయమును తగ్గును. 2018లో జెనీవా నగరపు ఆసుపత్రులు ఈ పద్ధతి నవలంబించెను. కాని రక్తమున క్రిములు చేరిన రోగుల సంఖ్య పెరిగినట్లు లెక్కలలో కనబడగా, 2019లో మరల పాతపద్ధతికే వచ్చెను.

కాబట్టి అధికారిణి మూడు విషయములు విచారింపవలెను. చూపిన ప్రమాణము దృఢమైనదా? మన యాసుపత్రిలో నది సాగునా? అనగా, ప్రతిపూటయు గొట్టము గుచ్చినచోటు చూచుటకు నర్సులు చాలుదురా? ఆచరించిన పిమ్మట ఫలితమును లెక్కవ్రాయుచున్నామా? జెనీవా రోగులను కాచినది ఈ మూడవదియే. లెక్క లేకున్న కీడు కంటబడకయే ప్రాణములు పోవును.

మన రైతు క్రొత్త విత్తనమును పొలమంతట చల్లడు. ఒక మడిలో వేసి, పంట చూచి, పిదప నిశ్చయించును. పరిచర్యకును అదియే మార్గము. ఆప్తవాక్యమును గౌరవింతము, ప్రత్యక్షముతో సరిచూతము.

గ్రామపెద్దలకు నా విన్నప మొక్కటి. మీవారు ఆసుపత్రిలో నున్నప్పుడు చేతి గొట్టము చెంత ఎరుపు, వాపు, నొప్పి కనబడినచో తెల్లవారువరకు నాగక నర్సమ్మతో చెప్పుడు. ఆ మాటయు నొక ప్రమాణమే.