హైదరాబాద్ బండ వేరు, మన కొండ వేరు

ముందు ఇది చూడండి. నా ఎడమ చెయ్యి, మణికట్టు దగ్గర. కెమెరాలో కనిపిస్తోందో లేదో గానీ కుడిదానికంటే కాస్త లావుగా ఉంటుంది. రెండేళ్ళ కిందట విరిగింది. ఎంత ఎత్తు నుంచి పడ్డానో చెప్తే నవ్వుతారు. 7 అడుగులు. మా ఇంటి గుమ్మం అంత ఎత్తు, అంతే.

బౌల్డరింగ్ మీద వీడియో చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. చేద్దాం. కానీ షూస్ ఏవి కొనాలి, ఏ జిమ్‌కి వెళ్ళాలి అనే దగ్గర మొదలుపెట్టను. నేను ఎక్కడ తప్పు చేశానో అక్కడ మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చూస్తున్నవాళ్ళు మీరూ అదే తప్పు చేసే అవకాశం ఉంది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా చిన్న చిన్న బండలు ఎక్కడం. కింద పరుపులాంటి ప్యాడ్ ఉంటుంది, పడితే దాని మీద పడాలి. పోటీల్లో గోడ నాలుగున్నర మీటర్లు దాటదు. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో, క్లైంబింగ్ మొదటిసారి వచ్చింది, అందులో ఇదీ ఒక భాగం. రీల్స్‌లో అలెక్స్ హోనాల్డ్ అని ఒకాయన తాడు లేకుండా నిట్టనిలువు కొండ ఎక్కుతుంటాడు చూడండి, అది ఇది కాదు. దాన్ని ఫ్రీ సోలో అంటారు. ఆయన 2017 జూన్‌లో ఎల్ కాపిటాన్ ఎక్కే ముందు అదే దారిని తాడు కట్టుకుని ఎన్నోసార్లు ఎక్కి, ప్రతి పట్టూ బట్టీపట్టాడు. రీల్‌లో ఆ భాగం ఉండదు.

సరే, నా సంగతి. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆఫీసులో ఇద్దరు ముగ్గురం శనివారాలు ఇండోర్ గోడకి వెళ్ళేవాళ్ళం. షూస్ అక్కడే అద్దెకిచ్చేవాళ్ళు. తర్వాత ఊరి బయట బండల మీదికి మారాం. హైదరాబాద్ బండలు చూశారుగా, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. అవి గ్రానైట్. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. గరుకుగా ఉంటుంది, రబ్బరు సోల్ ఇట్టే పట్టేస్తుంది, వేళ్ళ చర్మం మాత్రం ఊడిపోతుంది. భువనగిరి కోట ఉన్న పెద్ద ఏకశిల కూడా అలాంటిదే. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్ళు మొదట ఎక్కడం నేర్చుకున్నది ఆ భువనగిరి బండ మీదే. అప్పటికి పూర్ణకి 14 ఏళ్ళు కూడా నిండలేదు.

ఏడాదిన్నర అలా ఎక్కాక నాకు ఒక ధీమా వచ్చేసింది. బండ అంటే బండే కదా, ఎక్కడైనా ఒకటే అని.

ఆ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చి మంగళగిరి వచ్చేశాను. ఇంట్లో కూర్చుంటే కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. పొద్దున లేస్తే కొండ, రాత్రి పడుకునే ముందు కొండ మీద లైట్లు. చేతులు దురద పెట్టవా మరి?

మా నాయనమ్మకి ఈ విషయం ఎలా తెలిసిందో తెలియదు, బ్యాగులో నా షూస్ చూసి ఉంటుంది. "ఏమే, స్వామి కొండ మీద చెప్పులేసుకుని పాకుతావా?" అంది. ఆమె మెట్లెక్కేటప్పుడు చెప్పులు కిందే వదిలి ఎక్కే మనిషి. పానకాల స్వామికి పానకం పోయించి, ఆయన సగం తాగి వదిలిన సగం సీసాలో పట్టుకొచ్చే మనిషి. నేను వాదించాను. ఇవి చెప్పులు కావు, దీన్ని స్పోర్ట్ అంటారు అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాదన తల్చుకోవడానికే సిగ్గేస్తుంది. ఆమె అడిగింది షూస్ గురించి కాదు. వందల ఏళ్ళుగా జనం దణ్ణం పెట్టుకుంటున్న కొండని నువ్వు నీ జిమ్ చేసుకుంటావా అని. అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా చాలాచోట్ల క్లైంబర్లు ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయారు. ఆస్ట్రేలియాలో ఉలురు అనే కొండ ఉంది, అక్కడి మూలవాసులకి పవిత్రం, 2019 అక్టోబర్ నుంచి దాన్ని ఎక్కడం పూర్తిగా ఆపేశారు. నాకు అర్థం కావడానికి అంత దూరం పోనక్కర్లేదు, మా నాయనమ్మ ముఖం చూస్తే సరిపోయేది.

సరే, స్వామి కొండ వద్దనుకుని ఊరి బయట ఒక చిన్న గుట్ట చూసుకున్నాను. పేరు చెప్పను, మీలో ఎవరో ఒకరు వెళ్తారు. గుట్ట కింద మనిషిన్నర ఎత్తు బండ. జనవరి నెల, పొద్దున ఆరున్నర, చల్లగా ఉంది. ఒక్కదాన్నే వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. ప్యాడ్ హైదరాబాద్‌లో ఫ్రెండ్ దగ్గర ఉండిపోయింది. ఫోన్ బ్యాగులో, బ్యాగు పది గజాల అవతల. ఇన్ని తప్పులు ఒకేసారి చెయ్యాలంటే కూడా కొంచెం టాలెంట్ ఉండాలి.

పైఅంచు దగ్గర పలకలాంటి పట్టు ఉంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, నాలుగు వేళ్ళూ లోపలికి పోతాయి. రెండు చేతులతో పట్టుకుని నా వైపుకి లాగాను. ఊడొచ్చేసింది. రాయి చేతిలోనే ఉంది, నేను గాల్లో ఉన్నాను. వెనక్కి పడుతూ ఎడమచెయ్యి నేలకి ఆనించాను. ఆ శబ్దం చెప్పను లెండి.

అక్కడ మేకలు కాసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆయనే నా బ్యాగు తెచ్చిచ్చి, "ఇంత పొద్దున్నే ఇక్కడికెందుకొచ్చావమ్మా, ఆ రాళ్ళు మేకలు తొక్కినా రాలతాయి" అన్నాడు. మేకలకి తెలిసింది నాకు తెలియలేదు.

ఈ మాట మీద కాస్త ఆగుదాం, అసలు విషయం ఇదే. బెజవాడ, మంగళగిరి చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల ముక్కలు. వీటిలో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నకైట్ అనే రాళ్ళు. భూమి లోపల బాగా లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయి తయారైనవి. ఖోండలైట్ పేరు ఒడిశాలోని ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది, కోణార్క్ గుడి కట్టిన రాయి కూడా ఇదే. దీని లక్షణం ఏంటంటే పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకీ వానకీ ఆ పొరల మధ్య నుంచే పాడవుతుంది. పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల అతుకు ఊడిపోయి ఉంటుంది. హైదరాబాద్ బండ మీద మీరు జారి పడతారు. ఇక్కడ రాయే మీతోపాటు వస్తుంది.

మన కొండలు రాలడం కొత్తేమీ కాదు. 2020 అక్టోబర్‌లో ఇంద్రకీలాద్రి మీద కొండచరియ విరిగిపడింది. 2024 ఆగస్టు 31న, ఆ పెద్ద వానల్లో, మొగల్రాజపురంలో ఇళ్ళ మీద పడి ప్రాణాలే పోయాయి. ఆ వార్త మేమందరం చూశాం, బాధపడ్డాం. కానీ నేను ఎక్కబోయే బండ కూడా అదే కొండల జాతి అని నా బుర్రకి తట్టలేదు చూడండి.

అందుకే బయట ఏ రాయి ఎక్కినా ముందు కొట్టి చూడండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే. ఖంగుమంటే సరే, డొల్ల శబ్దం వస్తే వదిలెయ్యండి. పట్టుని కిందికే లాగాలి, మీ వైపుకి కాదు. వాన పడ్డాక కొన్ని రోజులు అసలు పోవద్దు. వేసవి సంగతి చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో బండ మీద చెయ్యి పెడితే క్లైంబింగ్ కాదు, అట్టు.

తిరిగి చెయ్యి దగ్గరికి వద్దాం. హాస్పిటల్ నుంచి నాన్నకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఏ చెయ్యి?"

మాది నేత ఇల్లు. నాన్న నిజాం అంచు చీరలు నేస్తాడు, నాయనమ్మ ఇప్పటికీ కండెలు చుడుతుంది. మా ఇంట్లో చెయ్యంటే కూడు. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే కష్టంగా ఉండేది. కట్టు విప్పిన రోజు మాత్రం, "ఇంక చాలమ్మా" అన్నాడు. సరే అన్నాను. నెల రోజులు నిజంగానే మానేశాను కూడా.

మా మగ్గం షెడ్డులో రెండు గుంటలు ఉండేవి. ఒకటి నాన్నది, పక్కది బాబాయిది. బాబాయి మగ్గం ఆగిపోయి నాలుగేళ్ళయింది, ఇప్పుడు ఆయన గుంటూరులో ఒక షోరూమ్‌లో సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు. ఆ గుంటలో పాత సామాన్లు పడేసి ఉండేవి. అక్కడ ఒక చెక్క గోడ కట్టుకుంటానని నాన్నని అడిగాను. కింద పరుపులు ఉంటాయి, పక్కన నువ్వుంటావు, ఊడిపోయే రాయి ఉండదు అని. నాన్న ఒప్పుకోలేదు. "మగ్గం గుంటలో ఆటలేంటి?" అన్నాడు. ఆయన బాధ ఆట గురించి కాదని నాకు తెలుసు. ఆ గుంట అలా ఉన్నంతకాలం తమ్ముడు తిరిగొస్తాడనే లెక్క.

చివరికి బాబాయే ఫోన్ చేసి, "పిల్లని కట్టుకోనియ్యి అన్నయ్యా, నేనింక దాంట్లో దిగేది లేదు" అన్నాడు. గుంట పూడ్చి మట్టి కొట్టిన రోజు మాత్రం ఆయన రాలేదు. రమ్మని నేనూ అడగలేకపోయాను.

గోడ ఎలా కట్టానో త్వరగా చెప్తాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 8 బై 4 షీట్లు రెండు, పక్కపక్కన. వెల్డింగ్ షాపులో ఇనుప ఫ్రేమ్, 30 డిగ్రీలు ముందుకి వంగేలా. 20 సెంటీమీటర్లకో రంధ్రం, వెనక టీ-నట్లు. పట్టులు ఆన్‌లైన్‌లో కొన్ని, మిగతావి మా వీధి వడ్రంగి టేకు ముక్కలతో చేశాడు. "ఇవి తలుపులకా, కిటికీలకా?" అని మూడుసార్లు అడిగాడు పాపం. కింద గట్టి ఫోమ్, దాని మీద మెత్తటి ఫోమ్. ఉత్తి దూది పరుపు వద్దు, నాలుగు రోజుల్లో ఉండలు కట్టేస్తుంది. మొత్తం నాకు 30 వేల దాకా అయ్యింది. అంత పెట్టలేనివాళ్ళు మొదట ఏదైనా జిమ్‌లో నాలుగైదుసార్లు ఎక్కి, ఇష్టమో కాదో చూసుకోండి.

గోడ కట్టాక మొదటి వారం నేను ఎక్కలేదు. పడ్డాను. కావాలనే, మళ్ళీ మళ్ళీ. రెండు కాళ్ళ మీద దిగడం, మోకాళ్ళు వంచడం, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లడం, చేతులు ఛాతీ మీద. చెయ్యి వెనక్కి పోకూడదు. ఇది చెప్తే అర్థమవుతుంది కానీ ఒంటికి ఎక్కడానికి రోజులు పడుతుంది, ఎందుకంటే పడేటప్పుడు చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. నాకు హైదరాబాద్‌లో మొదటి రోజే చెప్పారు ఇది. నేను తల ఊపి, గోడ ఎక్కేశాను.

వేళ్ళ గురించి కూడా ఒక మాట. కండలు రెండు మూడు నెలల్లో వస్తాయి. వేళ్ళలో ఉండే నరాల్లాంటి తాళ్ళు, టెండన్లు, అంత తొందరగా రావు. కొత్తలో బలం వచ్చేసిందనుకుని చిన్న అంచుల మీద వేలాడితే ఉంగరం వేలు దగ్గర టప్‌మంటుంది. మొదటి ఏడాది వేలాడే బోర్డుల జోలికి పోకండి.

నాన్న మొదట్లో అటు చూసేవాడే కాదు. ఒకరోజు మగ్గం ఆపి కాసేపు చూశాడు. నేను ఒకే చోట పదిసార్లు పడ్డాను. "చేతులతో లాగుతున్నావెందుకు? కాళ్ళేం చేస్తున్నాయి?" అన్నాడు. మగ్గం మీద కూర్చున్నవాడి కాళ్ళు ఊరుకోవు కదండీ, కింద చెక్కలు తొక్కుతూనే ఉంటాయి, చూసేవాళ్ళకి చేతులూ నాడే కనిపిస్తాయి. నాకు కోచ్‌లు ఏడాదిన్నర చెప్పిన మాటే అది. ఆ రోజు కాలు ఇంకో పట్టు మీదికి మార్చాను, తుంటి గోడకి దగ్గరగా తిప్పాను. ఎక్కేశాను.

ఇప్పుడు మా వీధి పిల్లలు నలుగురైదుగురు సాయంత్రాలు వస్తున్నారు. నాన్న మగ్గం దిగేవరకు ఎవరూ దూకకూడదు, అదొక్కటే రూలు. దుమ్ము లేస్తే పడుగు పాడవుతుందని. పోయిన సంక్రాంతికి బాబాయి వచ్చాడు. షెడ్డులోకి వచ్చి గోడ కింద పరుపు మీద కూర్చున్నాడు, సరిగ్గా ఆయన గుంట ఉన్నచోట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, పచ్చరంగు పట్టు ఒకటి పట్టుకుని ఊపి చూసి, "ఇది వదులైంది, స్పానర్ ఏది?" అన్నాడు.

బయట తాడుతో ఎక్కడం ఎలా నేర్చుకోవాలనేది ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను, అది ఫోన్‌లో చూసి నేర్చుకునేది కాదు, కాబట్టి ఒక ట్రైనర్‌ని కూడా కూర్చోబెడతాను. ఇవాళ్టికి ఉంటానండి, నాన్న మగ్గం దిగాడు, పిల్లలు బయట తలుపు కొడుతున్నారు.