దీపపు వెలుగున మొక్కలు

విజయనగరపు మండువా యిండ్లలో ఎండయు వానయు నట్టింటికే వచ్చెడివి. నేడు మేము కాపురమున్న మేడయింట సూర్యరశ్మి చొరదు. అందుచే తులసికుండపై పాత తంతుదీపమొకటి వ్రేలాడఁగట్టితిని. ఆకులు మాడెను. అట్టి దీపము పుచ్చుకొను విద్యుత్తులో అధికభాగము వేడిమియే యగును. పిమ్మట ఎల్.ఇ.డి. దీపము నమర్చగా మొక్క తేరుకొనెను.

కాని యొకనాడు నీరు పోయుచుండగా తడిచేయి తీగ యతుకునకు తగిలి, దెబ్బతిని గోడకుఁ బడితిని. నా వెనుకనే మనుమరాలు నిలిచియుండెను! నాటినుండి నేను పాటించు నియమములను విన్నవించెదను.

నీరు పోయుటకు ముందు మీట కట్టి, ప్లగ్గు ఊడదీయవలెను. ప్లగ్గు కుండకంటె ఎత్తున నుండవలెను. తీగ ప్లగ్గుకు దిగువగా వంగియున్నచో నీటిచుక్క ఆ వంపుననే జారిపోవును. అతుకుల తీగ వాడరాదు. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పినను ప్రవాహమును త్రెంచు సాధనమును మీటరు చెంత పెట్టింపవలెను. సూక్ష్మక్రిములను జంపు అతినీలలోహిత దీపము మొక్కలకు పనికిరాదు, కన్నులకుఁ జేటు.

మరియొక మాట. రాత్రి దీర్ఘముగా లేనిదే చామంతి మొగ్గ తొడుగదు. రేయెల్ల దీపమున్నచో పూయదు. కావున పరుండఁబోవుచు దీపమార్పుడు. మొక్కకు మేలు, ఇంటికి క్షేమము. సెలవు.